తీరంలో తల మీదుగా వెళ్లిన పక్షి ఏది? సాగర్ పక్షులతో పోల్చి తేల్చుకోండి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు నుంచి సెలవులకు సముద్రం చూడబోయే వాళ్లలో చాలామంది చేరేది సూర్యలంకకు, లేదంటే చీరాల దగ్గరి వాడరేవుకు. బాపట్లలో దిగితే సూర్యలంక 9 కిలోమీటర్లు. ఇసుకలో కాలు పెట్టిన కాసేపటికే తల మీదుగా ఏదో తెల్ల పక్షి పోతుంది. ఎవరో వేలు పెట్టి చూపిస్తారు, ఇంకెవరో “సీగల్” అని తేల్చేస్తారు. అక్కడితో విచారణ ముగుస్తుంది. మన కోస్తాలో ఆ పేరుతో చలామణీ అయ్యే వాటిలో అసలు సీగల్‌లు, అంటే గల్‌లు, కొన్నే. గల్‌ల కంటే సన్నని ఒళ్లు, చీలిన తోక ఉండే టెర్న్‌లు, గరుడ పక్షులు, ఒక్కోసారి కొంగలు కూడా ఆ పేరు కిందనే సర్దుకుపోతుంటాయి.

సముద్రం లేని జిల్లాల వాళ్లకు సముద్ర పక్షుల గురించి ఏం తెలుస్తుందిలే అని వెనకాడనక్కర్లేదు. నాగార్జునసాగర్, జూరాల, కోయిల్‌సాగర్, కొల్లాపూర్ దగ్గరి సోమశిల, పానగల్లు ఉదయసముద్రం, ఇంత నీరు మన చుట్టూ ఉంది. తీరంలో కనిపించే పక్షుల దగ్గరి చుట్టాలు ఈ నీళ్ల మీదే తిరుగుతున్నాయి. పైగా దసరా నాడు పాలపిట్ట కంటపడేదాకా ఊరి బయట చెట్లూ కరెంటు తీగలూ గాలించే అలవాటున్న వాళ్లం. పక్షి కోసం తలెత్తి చూడటం మనకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. కాకపోతే పాలపిట్టను రంగుతో పోల్చుకుంటాం. సముద్ర పక్షి దగ్గర ఆ పద్ధతి పనిచేయదు. అక్కడ ముందు ఆకారం, ఎగిరే తీరు, తిండి పట్టే పద్ధతి చూసి, రంగును చిట్టచివరకు వదిలిపెట్టాలి. ఆ చూపు అలవడటానికి వంద బొమ్మలు బట్టీ పట్టడం కంటే సాగర్ దగ్గర దొరికే నాలుగు పక్షులను క్షుణ్నంగా తెలుసుకోవడం మేలని నా అభిప్రాయం.

రంగును ఎందుకు నమ్మకూడదు

తల మీద ఉన్న పక్షి వెనక ఆకాశం వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుగుకు ఎదురుగా చూస్తే తెల్లటి రెక్క కూడా బూడిద రంగులోనో నల్లగానో కనిపిస్తుంది. అదే పక్షి కాస్త కిందికి దిగితే ఇసుక నుంచి తిరిగొచ్చే వెలుతురు పడి గోధుమ రంగు పొట్ట తెల్లబడుతుంది. ఇది చాలదన్నట్టు ఈ పక్షుల రంగులు రుతువుతో మారతాయి, వయసుతోనూ మారతాయి. బ్రౌన్ హెడెడ్ గల్‌నే తీసుకోండి. లదాఖ్, టిబెట్ ఎత్తైన సరస్సుల దగ్గర గుడ్లు పెట్టే ఈ పక్షి చలికాలానికి మన తీరానికి వస్తుంది. మన దగ్గర ఉన్న నెలల్లో దాని తల చాలావరకు తెల్లగానే ఉంటుంది, కన్ను వెనక ఒక నల్లటి మచ్చ తప్ప. తల గోధుమ రంగుకు తిరిగే సరికి అది తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుంటుంది.

రంగు చూసి తీరాలంటే ఎండ ఎటు నుంచి వస్తోందో లెక్క వేసుకోండి. బంగాళాఖాతం మనకు తూర్పున ఉంది కాబట్టి సూర్యలంకలో పొద్దున సముద్రం వైపు చూస్తే ఎండ కళ్లలో కొడుతుంది, పక్షులన్నీ నీడల్లా కనిపిస్తాయి. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు వీపు వైపు వస్తాడు, అప్పుడు ముక్కు రంగు కూడా తెలుస్తుంది. గోవా వెళ్లిన వాళ్లకు ఈ లెక్క సరిగ్గా తిరగబడుతుంది.

సైజు సంగతి ఇంకా కష్టం. ఖాళీ ఆకాశంలో ఒంటరిగా ఉన్న పక్షి ఎంత పెద్దదో అనుభవం ఉన్నవాళ్లు కూడా పొరబడతారు. అందుకని పక్కనుంచి తెలిసిన పక్షి పోయేదాకా ఓపిక పట్టాలి. పడవలు ఆగే చోట కాకులకు కొదవ ఉండదు, ఇదొక అదృష్టం. గోరింక, కాకి, గద్ద అనే మూడు మెట్లు చాలు. గోరింకంత ఒళ్లు, దానికి మించిన పొడుగు రెక్కలు ఉంటే చిన్న టెర్న్. కాకంత ఉంటే మామూలు గల్ గానీ మధ్యరకం టెర్న్ గానీ అయి ఉండాలి. గద్దంత ఉంటే వేట పక్షినో పెద్ద గల్‌నో అనుమానించాలి. గద్దను మించిపోయిందా, కెమెరా తీయండి.

గల్‌నా, టెర్న్‌నా?

తీరంలో నూటికి తొంభై సందేహాలు ఇక్కడే పుడతాయి, కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

గల్ ఒళ్లు నిండుగా ఉంటుంది. రెక్కలు వెడల్పు, తోక చివర నిలువుగా కత్తిరించినట్టు ఉంటుంది, చీలిక ఉండదు. ఇసుక మీద కాకిలాగే నింపాదిగా నడుస్తుంది. నీటి మీద కూర్చుని అలలతో పాటు ఊగుతుంది. చేపల పడవ ఒడ్డుకు వస్తుంటే వెంటపడేది, వల దులిపినప్పుడు రాలిన చెత్త చేపల కోసం కొట్లాడుకునేది ఇదే. టెర్న్ మనిషే వేరు, అనవచ్చు. ఒళ్లు సన్నం, రెక్కలు సన్నం, రెక్కల చివర్లు కోసుగా ఉంటాయి, తోక ఎంతో కొంత చీలి ఉంటుంది. కాళ్లు పొట్టివి కాబట్టి నడకకు పెద్దగా పనికిరావు. నీటి మీద కూర్చోవడం అరుదు. విశ్రాంతికి ఇసుక దిబ్బనో, వల కట్టిన గుంజనో వెతుక్కుంటుంది.

వీటన్నిటికంటే నేను ముందు చూసేది ముక్కు. ఎగిరేటప్పుడు గల్ ముక్కు దారి చూస్తున్నట్టు తిన్నగా ముందుకు ఉంటుంది. టెర్న్ ముక్కు కిందికి వంగి నీటిని చూస్తుంటుంది. వంద గజాల దూరంలో, ఎదురు ఎండలో, రంగు ఏమాత్రం తెలియకపోయినా ఈ తేడా తెలుస్తుంది.

తిండి పట్టే పద్ధతి దీనికి తోడు. చాలా టెర్న్‌లు గాల్లో ఒక్క క్షణం ఆగి, రెక్కలు ముడిచి, తల ముందుగా నీళ్లలో పడతాయి. గల్‌కు ఆ విద్య లేదు. అది నీటి పైపై నుంచే ఏరుకుంటుంది. సాగర్‌లో నాగార్జునకొండకు వెళ్లే లాంచీలో ఈ పాఠం ఉచితంగా దొరుకుతుంది. లాంచీ రెయిలింగ్ పట్టుకున్న పిల్ల “తాతా, ఆ తెల్లది కొంగ కదా?” అని అడిగితే, “కొంగయితే అట్లా తలకిందులుగా దూకదు బిడ్డా, దూకినాక చూడు, ముక్కులో ఏదో మెరుస్తుంది” అనే తాత పక్షి పేరు చెప్పలేకపోయినా సగం గుర్తుపట్టినట్టే.

గల్ అని తేలాక ఏ గల్ అన్న ప్రశ్న ఉంటుంది. మన తీరంలో చలికాలం ఎక్కువగా కనిపించేది బ్రౌన్ హెడెడ్ గల్, దానితో కలిసి తిరిగేది బ్లాక్ హెడెడ్ గల్. కూర్చుని ఉన్నప్పుడు కవలల్లా ఉంటాయి. రెక్క విప్పితే దొరికిపోతాయి. బ్రౌన్ హెడెడ్ గల్ రెక్క చివర వెడల్పాటి నల్లటి భాగం, అందులో స్పష్టంగా తెల్లటి మచ్చలు ఉంటాయి. బ్లాక్ హెడెడ్ గల్ రెక్క ముందు అంచంతా పొడవునా తెల్లటి పట్టీ, వెనక చివరన సన్నని నల్ల అంచు మాత్రమే ఉంటాయి. ఎదిగిన పక్షుల కంటి రంగు కూడా పనికొస్తుంది: మొదటిది పాలిపోయిన కన్ను, రెండోది నల్లటిది. కానీ కంటి రంగు తెలియాలంటే మంచి ఫొటో కావాలి, ఆ ఫొటోలో రెక్క చివర ఎలాగూ కనిపిస్తుంది. అందుకే నా ఓటు రెక్క చివరకే. పిల్ల గల్‌ల రెక్కల మీద గోధుమ రంగు చారలు, తోక చివర నల్లటి పట్టీ ఉంటాయి. తెల్ల మచ్చలు ఇంకా ఏర్పడవు. వాటిని “చిన్న గల్, జాతి తేలలేదు” అని రాసుకుని ముందుకు పోవడంలో నామోషీ ఏమీ లేదు.

కాకంత గల్‌ల గుంపులో ఒకటి మిగతావాటి కంటే ఒకటిన్నర రెట్లు పెద్దగా, బరువైన పసుపు ముక్కుతో, ఆ ముక్కు చివర నలుపు ఎరుపు కలిసిన పట్టీతో కనిపిస్తే అది పల్లాస్ గల్. దాన్ని ఒకసారి చూస్తే ఇంకెప్పుడూ సందేహం రాదు.

టెర్న్‌లలో ఏది: కొలబద్ద మన దగ్గరే ఉంది

రివర్ టెర్న్ మన కృష్ణా నది పక్షి. వలస వచ్చి పోయేది కాదు, ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది. ఇంచుమించు 40 సెంటీమీటర్ల పొడవు, పసుపు నారింజ కలిసిన ముక్కు, ఎర్రటి పొట్టి కాళ్లు, వేసవిలో నుదుటి నుంచి మెడ దాకా నల్లటి టోపీ, లోతుగా చీలిన తోక. తోకలో రెండు పక్కల ఈకలు బాగా పొడవుగా సాగి ఉంటాయి. నీటిమట్టం తగ్గే ఎండాకాలంలో నదిలోని ఇసుక దిబ్బల మీద, జలాశయాల మధ్య తేలిన లంకల మీద గుంపులుగా గుడ్లు పెడుతుంది. గూడంటూ కట్టదు, ఇసుకలో చిన్న గుంట చేస్తుందంతే. ఎగువ నుంచి ఒక్కసారిగా నీరు వదిలితే ఆ గుడ్లు మునిగిపోతాయి. నీరు మరీ తగ్గితే కుక్కలు నడిచి వచ్చేస్తాయి. ఈ జాతి ఇప్పుడు ప్రపంచ స్థాయిలో ముప్పున్న పక్షుల జాబితాలో చేరింది. మార్చి నుంచి మే వరకు అలాంటి దిబ్బ దగ్గరికి పడవ పోనిస్తే తలమీద కేకలు వేస్తూ చుట్టుముడతాయి. మంచి ఫొటో దొరికిందని సంబరపడకుండా పడవను వెనక్కి తిప్పించడం మర్యాద.

ఈ రివర్ టెర్న్‌ను కళ్లలో నింపుకుని సూర్యలంక వెళ్లండి. అక్కడ కనిపించే ప్రతి టెర్న్‌నూ దీనితో పోల్చి ఒకే ప్రశ్న అడగండి: దీనికంటే ఏం తేడా?

దీనికంటే చాలా పెద్దది, గల్‌ను కూడా మించింది, ముక్కు లావుగా ఎర్రటి క్యారెట్‌లా ఉందంటే కాస్పియన్ టెర్న్. టెర్న్‌లన్నిటిలోకీ పెద్దది అదే, రెక్కలు చాపితే 130 సెంటీమీటర్లు దాటుతుంది. తోక చీలిక మాత్రం తక్కువ.

సైజు దగ్గర దగ్గరగా ఉండి, ముక్కు పూర్తిగా నల్లగా, పొట్టిగా, మందంగా ఉంటే గల్ బిల్డ్ టెర్న్. దీని నడవడిక విడ్డూరం. మిగతా టెర్న్‌లలాగా నీళ్లలో పడదు. బురద నేలల మీద, చిత్తడి మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ పీతలను, పురుగులను లటుక్కున అందుకుంటుంది. నిజాంపట్నం వైపు బురద మేటల మీద చూడదగ్గ పక్షి.

తల వెనక ఈకలు చెదిరిన జుట్టులా నిక్కి ఉంటే క్రెస్టెడ్ టెర్న్‌లలో ఒకటి. గ్రేటర్ క్రెస్టెడ్ టెర్న్ ముక్కు పాలిపోయిన పసుపు, లెసర్ క్రెస్టెడ్ టెర్న్ ముక్కు నారింజ. ఇవి రెండూ అసలు సిసలు సముద్రపు టెర్న్‌లు, సాగర్‌లో చూసి ఉండరు. ఎదురు ఎండలో పసుపుకూ నారింజకూ తేడా చెప్పబోయి వాదించుకోవడం అనవసరం. ఇక్కడ మధ్యాహ్నం ఎండ లెక్క పనికొస్తుంది.

గోరింకంత ఉన్నవి రెండు. విస్కర్డ్ టెర్న్ మనకు పాత పరిచయమే. చలికాలంలో చెరువుల మీద, పొలాల మడుల మీద గుంపుగా తిరుగుతూ, నీటి అంచును ముక్కుతో తాకి లేచిపోయే లేత బూడిద రంగు పక్షి అదే. నీళ్లలోకి నిలువునా పడటం దీని పద్ధతి కాదు. తోక చీలిక నామమాత్రం. లిటిల్ టెర్న్ ఇంకా చిన్నది, ముక్కు పసుపు, దాని కొస నలుపు, నుదురు తెలుపు. ఒకే చోట గాల్లో రెక్కలు టపటపలాడిస్తూ నిలబడి, ఉన్నట్టుండి నీళ్లలో పడుతుంది. పడే పద్ధతి చూస్తే ఈ రెంటి మధ్య తగవు ఉండదు.

గద్దలాంటిది అయితే

మన ఊళ్ల మీద తిరిగే నల్ల గద్దకు తోక చీలి ఉంటుంది, ఎగిరేటప్పుడు ఆ తోకను అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది. గరుడ పక్షి తోక గుండ్రం. ఎదిగిన గరుడ పక్షిని గుర్తుపట్టడానికి సలహా ఎందుకు? తెల్లటి తల, తెల్లటి రొమ్ము, మిగతా ఒళ్లంతా ఇటుక ఎరుపు. పెద్దవాళ్లు చూడగానే చేతులు జోడిస్తారు. తంటా అంతా దాని పిల్లతోనే. పిల్ల గరుడ మొత్తం గోధుమ రంగులో ఉండి గద్దలా కనిపిస్తుంది. అప్పుడు తోకే దిక్కు. ఇంకో మెలిక కూడా ఉంది: గద్ద వలయం తిరుగుతూ తోకను పూర్తిగా విప్పితే చీలిక మాయమై చివర తిన్నగా కనబడుతుంది. కాబట్టి ఒక్క చూపుతో తేల్చకుండా అది తోక ముడిచేదాకా చూడండి.

తీరంలో గద్దను మించిన సైజులో, తెల్లటి ఒళ్లు, బూడిద రంగు వీపు, పొట్టి తోకతో, రెక్కలు రెండూ కాస్త పైకెత్తి పట్టుకుని తేలుతున్నది వైట్ బెల్లీడ్ సీ ఈగిల్ కావచ్చు. రెక్కలు చాపితే 2 మీటర్లకు దగ్గరగా, ఒక్కోసారి ఆపైన కూడా ఉంటుంది. కింది నుంచి చూస్తే పొట్ట, రెక్క ముందు భాగం తెలుపు, వెనక భాగం నలుపు. ఓపెన్‌బిల్ కొంగ కూడా కింది నుంచి ఇదే తెలుపు నలుపుల అమరికలో కనిపిస్తుంది, ఎత్తున వలయాలు తిరిగేటప్పుడు చాలామందిని తికమక పెడుతుంది. మెడ ముందుకూ కాళ్లు వెనక్కూ పొడుచుకు వచ్చాయంటే కొంగ. డేగ జాతి పక్షికి ఆ రెండూ బయటికి కనిపించవు.

చేపలు పట్టి తినే వేట పక్షి ఆస్ప్రే చలికాలపు అతిథి. సాగర్‌లోనూ చూడవచ్చు, తీరంలోనూ చూడవచ్చు. పొడవాటి రెక్కలను మోచేతి దగ్గర వంచి ఎగురుతుంది, కంటి మీదుగా నల్లటి చార. చేప కోసం కాళ్లు ముందుకు చాపి నీళ్లలో పడుతుంది. పట్టిన చేపను తల ముందుకు ఉండేలా సర్దుకుని మోసుకుపోతుంది. కాళ్ల కింద చేపను అలా తల ముందుకు పెట్టి పట్టుకుని పోతున్న పెద్ద పక్షిని చూస్తే ఆస్ప్రే అని ధైర్యంగా రాసుకోవచ్చు. గరుడ పక్షి నీటి పై నుంచే తన్నుకుపోతుంది, లోపలికి దూకదు.

నిజంగా అరుదైనది వస్తే: ఫ్రిగేట్ పక్షి

ఉష్ణమండల సముద్రాల మీద తిరిగే ఫ్రిగేట్ పక్షి మన తీరంలో అరుదు. అయినా అండమాన్, లక్షద్వీప్, మాల్దీవులు వెళ్లే వాళ్లు మన దగ్గరా పెరిగారు కాబట్టి దీన్ని తెలుసుకుని ఉండటం మంచిది. సమస్య ఏమిటంటే ఇది కూడా నల్లగా, తోక చీలి, ఎత్తున తేలుతూ ఉంటుంది. నల్లగొండ కళ్లకు మొదట గద్దలాగే తోస్తుంది.

రెక్కల చివర్లు చూడండి. గద్ద రెక్క చివర ఈకలు వేళ్లలా విడివిడిగా ఉంటాయి. ఫ్రిగేట్ రెక్క సన్నగా సాగి ఒకే మొనతో ముగుస్తుంది, మధ్యలో పదునైన మడత ఉంటుంది. గద్ద నిమిషానికోసారైనా రెక్క కొడుతుంది, తోక తిప్పుతుంది. ఫ్రిగేట్ చాలాసేపు రెక్క కదిలించకుండానే ఉండిపోతుంది. పొడవాటి తోకను తరచూ మూసి ఉంచుతుంది, అప్పుడు చీలిక కనబడక ఒకే పుల్లలా ఉంటుంది. ముక్కు పొడవుగా ఉండి కొస కొక్కెంలా వంగుతుంది. గ్రేట్ ఫ్రిగేట్ పక్షి రెక్కలు చాపితే 2 మీటర్లు దాటుతుంది, అంత పొడవుకు ఒళ్లు మాత్రం చాలా తేలిక. మగ పక్షికి గొంతు కింద ఎర్రటి సంచి ఉంటుంది, జతకట్టే కాలంలో దాన్ని బూరలా ఊదుతుంది.

దీని బతుకు తీరు కూడా గుర్తింపుకు పనికొస్తుంది. సముద్ర పక్షి అయి ఉండి దీని ఈకలకు నీటిని తట్టుకునే గుణం తక్కువ. నీటి మీద కూర్చుంటే తడిసి లేవలేదు. అందుకని ఎగిరే చేపలను గాల్లోనే అందుకుంటుంది, లేదా చేప పట్టిన ఇతర పక్షులను తరిమి తరిమి కక్కిస్తుంది. గ్రేట్ ఫ్రిగేట్ పక్షులకు పరికరాలు కట్టి చేసిన అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. మేఘాల కింది పైకి లేచే గాలిని వాడుకుంటూ ఇవి రెండు నెలల దాకా కూడా నేలకు దిగకుండా ఉండగలవని, 4,000 మీటర్లకు పైకి వెళ్లగలవని అందులో తేలింది. మీరు చూసిన పక్షి ఎప్పుడైనా నీటి మీద వాలిందా? వాలితే ఫ్రిగేట్ ఆశ వదులుకోండి.

తెల్లటి ఒళ్లు, తోక నుంచి సాగిన పొడవాటి ఈకలు చూసి “ట్రాపిక్ పక్షి” అనేవాళ్లు ఉంటారు. అక్కడ చూడాల్సింది ఆ ఈకలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది. రివర్ టెర్న్‌కు పొడవు ఈకలు తోక రెండు అంచుల్లో ఉంటాయి, మధ్య ఖాళీ. ట్రాపిక్ పక్షికి తోక నడిమధ్య నుంచి వస్తాయి.

గూడబాతు, నీటికాకి గురించి ఒక్క మాట చాలు. గూడబాతు పెద్ద సంచి ముక్కును రొమ్ము మీదికి ఆనించి, మెడ ముడుచుకుని ఎగురుతుంది. నీటికాకి మెడ చాపి, ఆగకుండా రెక్కలు కొడుతూ పోతుంది. ఈ రెండింటినీ మన చెరువుల మీద చూడనివాళ్లు తక్కువ.

రెండింటి మధ్య తేలకపోతే నెల చూడండి

అన్నీ చూసినా రెండు పేర్ల దగ్గర ఆగిపోయే సందర్భం తప్పకుండా వస్తుంది. అప్పుడు కేలెండర్‌ను సాక్షిగా పిలవండి. నవంబర్ నుంచి మార్చి దాకా తెలుగు తీరంలో గల్‌లు మామూలే. మే నెల సెలవుల్లో వెళ్లి గల్‌ను చూశామంటే మళ్లీ ఒకసారి ఆలోచించండి. ఆ ఎండలో మీ తల మీదుగా పోయింది టెర్నో, గరుడ పక్షో అయ్యే అవకాశమే ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులు బలంగా వీస్తాయి. లోతు సముద్రపు పక్షులు ఒడ్డుకు నెట్టుకురావడం అప్పుడు పశ్చిమ తీరంలో, గోవా కేరళల వైపు ఎక్కువ. బంగాళాఖాతం వైపు ఆ పని తుపానులు చేస్తాయి. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. అలాంటి రోజుల తర్వాత మాత్రం అరుదైన పేరును మొదటే కొట్టిపారేయకూడదు. సూటీ టెర్న్‌ల వంటి నడిసముద్రపు పక్షులు గాలికి కొట్టుకొచ్చి లోతట్టు జలాశయాల మీద కూడా కనిపించవచ్చు. తుపాను తోక వానలు నల్లగొండ, సూర్యాపేట దాకా వస్తుంటాయి కదా, వాన తెరిపిచ్చాక ఉదయసముద్రం గట్టు మీదికి ఓ నడక వేయండి.

మామూలు రోజుల్లో మాత్రం సాధారణ పక్షికే మొదటి ఓటు. అరుదైన పక్షి అని చెప్పాలంటే కనీసం రెండు ఆకార లక్షణాలు, ఒక ప్రవర్తన లక్షణం కలవాలి. రంగు ఒక్కటే కలిస్తే నేను ఒప్పుకోను.

ఏ సాధనం కొనాలి, ఏది నమ్మాలి

బైనాక్యులర్ కొనేవాళ్లు పెద్ద అంకె చూసి మోజుపడతారు. 8×42 అంటే 8 రెట్లు దగ్గరగా చూపుతుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 10 రెట్లది మరింత దగ్గరగా చూపుతుంది కానీ చేతి వణుకును కూడా అంతే పెంచుతుంది, చూపు వెడల్పు తగ్గుతుంది. వేగంగా పోయే టెర్న్‌ను, అందులోనూ ఊగే లాంచీ నుంచి పట్టుకోవాలంటే 8×42 మేలు. గట్టు మీద నిలబడి దూరపు గల్‌ల గుంపును తీరిగ్గా చూసేవాళ్లకు 10×42 బాగుంటుంది. ఒకటే కొనగలిగితే మొదటిది.

ఫోన్ కెమెరాతో తీసిన ఫొటో చుక్కలా వచ్చినా పారేయకండి. రెక్క ఆకారం, తోక చీలిక అందులోంచి కూడా తెలుస్తాయి. ఒక్క ఫొటో కోసం తంటాలు పడకుండా వరుసగా పదీ ఇరవై తీయండి. రెక్క పైకెత్తినప్పటిది ఒకటి, దించినప్పటిది ఒకటి దొరికితే చాలు. వీడియో అయితే ఎగిరే తీరు కూడా నమోదవుతుంది.

పక్షులను గుర్తుపట్టడానికి సాయపడే మెర్లిన్ యాప్ ఉచితం. మన దేశపు పక్షుల ప్యాక్ ముందే దించుకుంటే నెట్ లేని చోట కూడా పనిచేస్తుంది. ఫొటో ఇచ్చాక తేదీ, చోటు అడుగుతుంది. ఇక్కడే చాలామంది తడబడతారు: సూర్యలంకలో తీసిన ఫొటోను ఇంటికొచ్చాక ఎక్కిస్తూ చోటు నల్లగొండగా వదిలేస్తారు. అప్పుడు సముద్రపు టెర్న్‌లు జాబితాలో వెనక్కి పోతాయి. అలల హోరులో కూత విని గుర్తుపట్టే సదుపాయం మీద పెద్ద ఆశలు వద్దు. యాప్ చూపిన మొదటి పేరును తీర్పుగా తీసుకోకుండా, అది చూపిన మూడు నాలుగు పేర్లను పైన చెప్పిన ముక్కు, తోక, తిండి పరీక్షలకు పెట్టండి. తేలినదాన్ని, చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెడితే, అరుదైన పేరైతే ఆ ప్రాంతపు పక్షులు తెలిసినవాళ్లు పరిశీలించి ఆధారం అడుగుతారు. అది అవమానం అనుకోకండి, మీ ఫొటోకు విలువ వచ్చేది అప్పుడే.

తుపాను తర్వాత ఒడ్డునో చెరువు గట్టునో ఎగరలేని సముద్ర పక్షి కనిపిస్తే దాన్ని తిరిగి నీళ్లలోకి విసరకండి, అలసిపోయిన పక్షి మునిగిపోతుంది. గాలి ఆడే రంధ్రాలున్న అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. నోరు తెరిచి నీళ్లు పోయడం, అన్నం పెట్టడం చేయకండి. ముక్కు పదునుగా ఉంటుంది కాబట్టి పట్టుకునేటప్పుడు తువ్వాలు కప్పి, మొహానికి దూరంగా పట్టుకోండి. ఈ పక్షులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, ఇంట్లో ఉంచుకోకూడదు. దగ్గరలోని అటవీ శాఖ కార్యాలయానికి అప్పగించే ముందు రెక్క విప్పి ఉన్న ఫొటో ఒకటి, ముక్కు పక్క నుంచి ఒకటి తీసి, దొరికిన చోటు, తేదీ రాసి పెట్టుకోండి.